మోత ఉంది, మాట లేదు: యాక్టివ్ స్పీకర్లు, గది సవరణ బస్తర్‌కు ఎంతవరకు పనికొస్తాయి?

జగదల్‌పూర్: కరోనా కారణంగా పాఠశాలలు మూతపడి ఉన్న 2020 జూన్‌లో, ఛత్తీస్‌గఢ్‌లోని బస్తర్ జిల్లా భాట్‌పాల్ పంచాయతీలో లౌడ్‌స్పీకర్ల ద్వారా పాఠాలు మొదలయ్యాయి. ఆ ఏడాది ఏప్రిల్‌లోనే రాష్ట్ర ప్రభుత్వం ‘పఢయీ తుంహర్ దువార్’ పేరుతో ఆన్‌లైన్ బోధనను ప్రారంభించింది. అయితే స్మార్ట్‌ఫోన్ లేని ఇళ్లకు, సిగ్నల్ అందని పల్లెలకు ఆ పాఠం చేరడం కష్టమైంది. ఊరి పండుగలకు, ప్రకటనలకు వాడే మైకు సెట్టే అక్కడ బడిగా మారింది.

ఆ ప్రయత్నం ఒక సాంకేతిక ప్రశ్నను ముందుకు తెచ్చింది. పాఠం ఊరంతా వినిపించడం ఒక సంగతి. ఆ పాఠంలోని ప్రతి మాట పిల్లవాడి చెవికి విడివిడిగా అందడం మరో సంగతి. మొదటిదానికి శక్తి ఉంటే చాలు. రెండోదానికి ధ్వనిని సరైన చోట విభజించడం, సరైన దిశలో పంపడం, చుట్టూ ఉన్న గోడలు చేసే పనిని లెక్కలోకి తీసుకోవడం అవసరం. క్రాసోవర్‌ను మార్చుకోగల యాక్టివ్ స్పీకర్లు, గది సవరణ సాఫ్ట్‌వేర్‌ల ఉద్దేశం ఇదే. వీటిలో ఏది ఎంతవరకు పనిచేస్తుందో, ఏది ఎంత ఖర్చు పెట్టినా పనిచేయదో తెలియకపోతే పరికరం కొన్నా ఫలితం దక్కదు.

మాటలో ముందుగా పోయేది హల్లే

మనిషి మాటలో బలమంతా అచ్చులలో ఉంటుంది. ఆ బలంలో అధిక భాగం 1,000 హెర్ట్జ్‌కు దిగువనే నిలుస్తుంది. అర్థాన్ని వేరుచేసే హల్లులు మాత్రం బలహీనమైనవి, క్షణికమైనవి. వాటి ఆనవాళ్లు ముఖ్యంగా 1,000 నుంచి 4,000 హెర్ట్జ్ మధ్య, స, శ వంటి ఊష్మాలకైతే అంతకంటే పైన ఉంటాయి. ‘పాట’, ‘బాట’, ‘మాట’ అనే మూడు పదాలలో తేడా మొదటి హల్లు ఒక్కటే. ఆ హల్లు చెరిగిపోతే వినేవారికి మిగిలేది ‘ఆట’ మాత్రమే.

తెలుగు పదాలు ఎక్కువగా అచ్చుతో ముగుస్తాయి. ప్రతిధ్వని ఎక్కువగా ఉన్న గదిలో ఆ చివరి అచ్చు ఆగిపోకుండా సాగుతూ, వెంటనే వచ్చే పదం మొదటి హల్లును కప్పేస్తుంది. బస్తర్ డివిజన్‌లోని ఏడు జిల్లాలలో హిందీతోపాటు హల్బీ, భత్రీ, గోండీ, ధుర్వా, దోర్లీ భాషలు వినిపిస్తాయి. ఆంధ్రప్రదేశ్‌ను ఆనుకుని ఉన్న సుక్మా జిల్లా కొంటా ప్రాంతంలో కోయ భాషకు చెందిన దోర్లీ, తెలుగు పక్కపక్కనే ఉంటాయి. ఇంట్లో ఒక భాష, బడిలో మరో భాష వినే పిల్లలకు ఇబ్బంది రెట్టింపు అవుతుంది. తెలిసిన భాషలో చెరిగిన హల్లును మెదడు సందర్భాన్ని బట్టి పూరించుకుంటుంది. కొత్తగా నేర్చుకుంటున్న భాషలో ఆ వీలు తక్కువ.

పెట్టె లోపల పని విభజన

ఒకే స్పీకర్ గుండె ధ్వని శ్రేణి మొత్తాన్ని సమానంగా పలికించలేదు. మంద్ర ధ్వనికి వెడల్పైన, ఎక్కువ గాలిని కదిలించగల వూఫర్ కావాలి. తార ధ్వనికి తేలికైన, చిన్న ట్వీటర్ కావాలి. వచ్చే సంకేతాన్ని రెండుగా లేదా మూడుగా విడదీసి, దేని వంతు దానికి పంపే వలయమే క్రాసోవర్.

పాత పద్ధతిలో, అంటే పాసివ్ స్పీకర్‌లో, ఒకే యాంప్లిఫయర్ నుంచి వచ్చిన భారీ విద్యుత్తును పెట్టెలోని కెపాసిటర్లు, తీగచుట్టలు విడదీస్తాయి. ఈ విభజన కర్మాగారంలోనే ఖరారైపోతుంది. కొంత శక్తి వేడిగా పోతుంది. పైగా స్పీకర్ చుట్ట వేడెక్కి దాని నిరోధం మారినప్పుడు విభజన కూడా కొంత పక్కకు జరుగుతుంది.

యాక్టివ్ స్పీకర్‌లో ఈ వరస తలకిందులవుతుంది. సంకేతం ఇంకా బలహీనంగా ఉన్నప్పుడే, యాంప్లిఫయర్‌కు చేరకముందే, క్రాసోవర్ దాన్ని విడదీస్తుంది. ఆ తర్వాత వూఫర్‌కు ఒకటి, ట్వీటర్‌కు ఒకటి చొప్పున వేర్వేరు యాంప్లిఫయర్లు ఉంటాయి. ఫిన్లాండ్‌లోని ఐసల్మి పట్టణంలో 1978లో ఏర్పడిన జెనెలెక్ సంస్థ తొలి ఉత్పత్తి కూడా ఇలాంటిదే. ఆ దేశ ప్రజా ప్రసార సంస్థ అవసరాల కోసం మూడు యాంప్లిఫయర్లున్న ఎస్30 స్పీకర్‌ను అది తయారుచేసింది. నేడు ఈ విభజన పనిని ఎక్కువగా పెట్టెలోని చిన్న డిజిటల్ చిప్ నిర్వహిస్తోంది. అందువల్లే విభజన ఎక్కడ జరగాలో వాడేవారు మార్చుకోగలుగుతున్నారు.

విద్యుత్ సరఫరా నిలకడగా లేని పల్లెలకు ఇందులో మరో సౌలభ్యం ఉంది. డి తరగతి యాంప్లిఫయర్లు తీసుకున్న విద్యుత్తులో 80 నుంచి 90 శాతం వరకు స్పీకర్‌కు అందించగలవు. పాత తరహా యాంప్లిఫయర్లలో చాలా భాగం వేడిగా వృథా అవుతుంది. బ్యాటరీతోనో, సౌర ఫలకంతోనో నడిపే మైకు సెట్టుకు ఈ తేడా గంటల లెక్కలో కనిపిస్తుంది.

క్రాసోవర్‌లో మూడు మీటలు

మార్చుకోగల క్రాసోవర్‌లో ప్రధానంగా మూడు అంశాలుంటాయి.

మొదటిది విభజన బిందువు. సబ్‌వూఫర్ నుంచి ప్రధాన స్పీకర్‌కు మారే చోటు సాధారణంగా 80 నుంచి 120 హెర్ట్జ్ మధ్య, వూఫర్ నుంచి ట్వీటర్‌కు మారే చోటు తరచుగా 1,500 నుంచి 3,000 హెర్ట్జ్ మధ్య ఉంటుంది. రెండో బిందువు హల్లులు నివసించే ప్రాంతంలోనే పడుతుందని గమనించాలి. అక్కడ పొరపాటు జరిగితే మొదట దెబ్బతినేది మాటే.

రెండోది వాలు. విభజన బిందువు దాటిన తర్వాత ధ్వని ఎంత వేగంగా తగ్గాలో ఇది నిర్ణయిస్తుంది. హ్యూలెట్-ప్యాకార్డ్ ఇంజినీర్లు సీగ్‌ఫ్రీడ్ లింక్‌విట్జ్, రస్ రైలీల పేరుతో 1976 నుంచి ప్రసిద్ధమైన విధానంలో, ప్రతి ఆక్టేవ్‌కు 24 డెసిబెల్‌ల చొప్పున ధ్వని తగ్గడం బాగా వాడుకలో ఉంది. 2,000 హెర్ట్జ్ వద్ద విభజిస్తే 1,000 హెర్ట్జ్ వద్ద ట్వీటర్‌కు చేరే శక్తి దాదాపు 250వ వంతుకు పడిపోతుంది. సున్నితమైన ట్వీటర్ కాలిపోకుండా ఇది కాపాడుతుంది. విభజన బిందువు వద్ద రెండు గుండెల ధ్వని కలిసి హెచ్చుతగ్గులు లేకుండా ఒకటవుతుంది.

మూడోది ఆలస్యం. ధ్వని సెకనుకు సుమారు 343 మీటర్లు ప్రయాణిస్తుంది. వూఫర్ ట్వీటర్ కంటే 17 సెంటీమీటర్లు వెనుక ఉంటే దాని ధ్వని అర మిల్లీసెకను ఆలస్యంగా చేరుతుంది. 1,000 హెర్ట్జ్ వద్ద అది సరిగ్గా సగం తరంగం. అప్పుడు ఒకటి గాలిని ముందుకు నెడుతుంటే మరొకటి వెనక్కి లాగుతుంది. రెండూ పనిచేస్తున్నా అక్కడ ధ్వని పడిపోతుంది. ట్వీటర్‌ను అర మిల్లీసెకను ఆపితే ఈ లోపం సరవుతుంది.

మాటకు ప్రత్యేకంగా ఉపయోగపడే మరో సర్దుబాటు కూడా ఉంది. పాఠానికి, ప్రకటనకు 100 హెర్ట్జ్‌కు దిగువన ఉన్న ధ్వని దాదాపు అనవసరం. దాన్ని ముందే తొలగిస్తే గదిలో గుంయ్‌మనే మోత తగ్గుతుంది, బ్యాటరీ ఆదా అవుతుంది. బేస్ పెంచితే గొంతు నిండుగా వినిపిస్తుందన్న నమ్మకంతో చాలాచోట్ల ఇందుకు సరిగ్గా వ్యతిరేకంగా చేస్తుంటారు.

గది ఏం చేస్తుంది?

సిమెంటు గోడలు, సిమెంటు పైకప్పు ఉన్న ఒక తరగతి గదిని ఉదాహరణగా తీసుకుందాం. పొడవు 8 మీటర్లు, వెడల్పు 6 మీటర్లు, ఎత్తు 3.2 మీటర్లు. దాని ఘనపరిమాణం సుమారు 154 ఘనపు మీటర్లు. గోడలు, నేల, పైకప్పు కలిపి సుమారు 186 చదరపు మీటర్లు. సిమెంటు తనను తాకిన ధ్వనిలో నాలుగు శాతమే పీల్చుకుంటుందనుకుంటే, సేబిన్ సూత్రం ప్రకారం ఖాళీ గదిలో ధ్వని 60 డెసిబెల్‌లు తగ్గడానికి 3.3 సెకన్లు పడుతుంది. 30 మంది పిల్లలు కూర్చుంటే వారి శరీరాలు, బట్టలు కొంత పీల్చుకుని ఆ సమయం సుమారు 1.4 సెకన్లకు తగ్గుతుంది.

ఇంతటి చిన్న తరగతి గదులలో, అదీ పిల్లలు లేనప్పుడే, ఈ సమయం 0.6 సెకన్లు మించరాదని అమెరికా ప్రమాణం చెబుతోంది. మామూలు వేగంతో మాట్లాడే వ్యక్తి ఒక సెకనులో నాలుగైదు అక్షరాలు పలుకుతారు. 1.4 సెకన్ల ప్రతిధ్వని అంటే ఇంతకుముందు పలికిన అక్షరాలు ఇంకా గాలిలో తేలుతుండగానే కొత్తవి వచ్చి వాటిపై పడటం. అటువంటి గదిలో శబ్దం పెంచితే ప్రతిధ్వని కూడా అంతే పెరుగుతుంది కాబట్టి స్పష్టత పెరగదు.

అన్ని దిక్కులకూ సమానంగా ధ్వని వెదజల్లే స్పీకర్ పెడితే, ఈ గదిలో పిల్లలు కూర్చున్నా, 0.6 మీటరు దాటగానే నేరుగా వచ్చే ధ్వని కంటే గోడల నుంచి తిరిగి వచ్చే ధ్వనే ఎక్కువవుతుంది. తన ముందున్న వైపే కేంద్రీకరించి, పదింతల దిశాబలం చూపే స్పీకర్ అయితే ఆ హద్దు సుమారు 1.9 మీటర్లకు జరుగుతుంది. అందుకే స్పీకర్‌ను పిల్లల తలల వైపు వంచి దగ్గరగా పెట్టడం, దూరం నుంచి గట్టిగా వాయించడం కంటే మేలు.

మంద్ర ధ్వనిలో సమస్య వేరు రూపంలో కనిపిస్తుంది. ఎదురెదురు గోడల మధ్య దూరాన్ని బట్టి కొన్ని పౌనఃపున్యాలు నిలిచిపోతాయి. ఈ గదిలో అవి 21, 29, 54 హెర్ట్జ్‌ల వద్ద, వాటి గుణిజాల వద్ద మొదలవుతాయి. ఒకచోట కూర్చుంటే మద్దెల ఉరిమినట్లు, రెండడుగులు జరిగితే అసలు లేనట్లు వినిపించడానికి కారణమిదే. స్పీకర్‌ను మూలన పెడితే ఈ ధోరణి మరింత పెరుగుతుంది.

గది సవరణ పనిచేసే తీరు

గది సవరణలో మొదటి మెట్టు కొలత. వినేవారు కూర్చునే చోట కొలత మైకు ఉంచి, స్పీకర్ నుంచి 20 హెర్ట్జ్ మొదలు 20,000 హెర్ట్జ్ వరకు క్రమంగా పెరుగుతూ పోయే ఈలలాంటి ధ్వనిని వినిపిస్తారు. పంపినదానికి, మైకు విన్నదానికి తేడాను కంప్యూటర్ గణించి, ఎక్కడ ధ్వని ఉబ్బింది, ఎక్కడ కుంగింది, ఏ ప్రతిధ్వని ఎంత ఆలస్యంగా వచ్చిందో గీత గీస్తుంది. ఉబ్బిన చోట అంతే మేర తగ్గించే ఫిల్టర్‌ను స్పీకర్‌లోని చిప్‌లో నిక్షిప్తం చేస్తారు. స్వీడన్‌లోని ఉప్సాలాకు చెందిన డిరాక్, అమెరికాకు చెందిన ఆడిస్సీ వంటి సంస్థలు ఈ పనిని స్వయంచాలకం చేశాయి. రూమ్ ఈక్యూ విజార్డ్ అనే సాఫ్ట్‌వేర్ ఉచితంగానే లభిస్తుంది.

కొలత ఒకే కుర్చీ వద్ద తీస్తే సవరణ ఆ కుర్చీకే పరిమితమవుతుంది. తరగతి గదిలోనైనా, సభా మందిరంలోనైనా కనీసం ఆరేడు చోట్ల కొలిచి, వాటన్నిటిలో ఉమ్మడిగా కనిపించే లోపాన్నే సరిచేయాలి. పై గది పిల్లలతో నిండినప్పుడు సుమారు 190 హెర్ట్జ్ వరకు మాత్రమే గది లోపాలు విడివిడిగా, స్థిరంగా ఉంటాయి. ఆపైన అవి ఒకదానిలో ఒకటి కలిసిపోయి ప్రతి అడుగుకూ మారుతుంటాయి. ఆ పరిధిలో గది లోపాలను సూక్ష్మంగా దిద్దబోతే ఒక బెంచీకి మేలు, పక్క బెంచీకి కీడు జరుగుతుంది. అక్కడ స్పీకర్ స్వభావాన్ని మృదువుగా సర్దడం వరకే ఆగాలి.

సవరణకు లొంగనివి

మొదటిది, తరంగాలు ఒకదానినొకటి రద్దు చేసుకున్న చోటు. కొలత గీతలో అక్కడ లోతైన గుంట కనిపిస్తుంది. దాన్ని పూడ్చడానికి 12 డెసిబెల్‌లు పెంచితే యాంప్లిఫయర్ 16 రెట్లు శక్తినివ్వాలి. 100 వాట్ల చోట 1,600 వాట్లు అన్నమాట. అంత శక్తి పోసినా నేరుగా వచ్చే తరంగంతోపాటు దాన్ని రద్దుచేసే తరంగమూ అంతే పెరుగుతుంది. గుంట గుంటగానే ఉండి, స్పీకర్ మాత్రం కాలిపోయే ప్రమాదం ఉంది. స్పీకర్‌ను ఒక మీటరు జరపడమే దీనికి సరైన విరుగుడు.

రెండోది, ప్రతిధ్వని నిడివి. ఒకసారి గాలిలోకి వెళ్లి గోడల మధ్య తిరుగుతున్న ధ్వనిని గది అంతటా వెనక్కి పిలవగల సాఫ్ట్‌వేర్ లేదు. దాన్ని పీల్చుకునే వస్తువే కావాలి. పై ఉదాహరణలోని ఖాళీ గదిని 0.6 సెకన్ల దరిదాపులకు తేవాలంటే 70 శాతం ధ్వనిని పీల్చుకునే పలకలు పైకప్పు 48 చదరపు మీటర్లంతా పరవాలి. అంత వీలుకాని చోట వెనుక గోడకు మందమైన వస్త్రమో, దళసరి చాపలో కొంత ఖాళీ వదిలి వేలాడదీసినా ఎంతోకొంత మెరుగుదల ఉంటుంది.

మూడోది, బయటి శబ్దం. వానాకాలంలో రేకుల పైకప్పుపై కురిసే వాన చప్పుడును ఏ సవరణా తొలగించదు. దానికి పైకప్పు కింద మరో పొర వేయడమే మార్గం.

ఆరుబయట లెక్క వేరు

భాట్‌పాల్ తరహా ఏర్పాటులో ధ్వనిని తిప్పికొట్టే గది లేదు కాబట్టి గది సవరణకు పెద్దగా పని లేదు. అక్కడ దూరమే ప్రధానం. ఆరుబయట దూరం రెట్టింపయిన ప్రతిసారీ ధ్వని 6 డెసిబెల్‌లు తగ్గుతుంది. స్పీకర్‌కు 5 మీటర్ల దూరంలో 90 డెసిబెల్‌లు వినిపిస్తే 80 మీటర్ల వద్ద 66 మాత్రమే మిగులుతుంది. దూరపు ఇంటికి వినిపించాలని ఒకే స్పీకర్‌ను పెంచుకుంటూ పోతే దగ్గరి ఇంటివారు భరించలేరు.

అందుకే ఊరికంతటికీ ఒక పెద్ద స్పీకర్ కంటే, పేటకొకటి చొప్పున చిన్నవి మేలు. అయితే వాటి మధ్య ఆలస్యాన్ని సర్దాలి. వంద మీటర్ల ఎడంగా ఉన్న రెండు స్పీకర్లు ఒకేసారి పలికితే, ఒకదాని కింద నిలబడినవారికి రెండోదాని మాట సుమారు 0.3 సెకను తర్వాత ప్రతిధ్వనిలా చేరుతుంది. రెండు స్పీకర్లను ఎదురెదురుగా కాకుండా ఒకే దిశకు తిప్పి, ముందున్నదానికి ఆ మేరకు ఆలస్యం కలిపితే మాటలు ఒకదానితో ఒకటి ఢీకొనవు. కొమ్ము ఆకారపు హారన్ స్పీకర్లు తక్కువ విద్యుత్తుతో దూరం చేరగలవు గానీ అవి పలికే శ్రేణి ఇరుకైనది. పాఠంలోని ఊష్మాలు, సంగీతంలోని మంద్రం రెండూ అందులో సన్నబడతాయి.

ధన్‌కుల్ చెప్పే పరీక్ష

క్రాసోవర్ సరిగా కుదిరిందో లేదో తేల్చడానికి బస్తర్ వాద్యాలే మంచి కొలమానం. జగార్ గాథలను పాడే గురుమాయి మహిళలు వాయించే ధన్‌కుల్‌ను మట్టి కుండ, చేట, విల్లులతో కూరుస్తారు. కుండపై చేటను ఉంచి, దానిపై విల్లును ఆనించి, విల్లుకర్రపై చెక్కిన గంట్లను సన్నని పుల్లతో గీకుతారు. గీకుడు శబ్దం తార శ్రేణిలో, కుండ గుమ్మనడం మంద్ర శ్రేణిలో ఉంటాయి. మధ్యలో గాయని గొంతు. ఈ మూడూ ఒకే చోటి నుంచి వస్తున్నట్లు కాకుండా, గీకుడు ఒకవైపు, కుండ మరోవైపు విడిపోయినట్లు వినిపిస్తే క్రాసోవర్‌లో ఆలస్యమో, వాలో తప్పిందని అర్థం. బేస్ పెంచి ధ్వనిని నింపితే గాథలోని మాట కుండలో మునిగిపోతుంది.

ఈ వాద్య సంపదకు జాతీయ గుర్తింపు కూడా దక్కింది. బస్తర్ వాద్యాలను సేకరించి ‘బస్తర్ బ్యాండ్’ను నిర్మించిన అనూప్ రంజన్ పాండేకు 2019లో, ఊపితే పలికే వెదురు ‘బస్తర్ పిల్లనగ్రోవి’ని తయారుచేసే నారాయణ్‌పూర్ జిల్లా కళాకారుడు పండీరామ్ మండావీకి 2025లో పద్మశ్రీ ప్రకటించారు. ఆ వెదురు గొట్టం పలికే సన్నని ఈల, డీజే పెట్టెల మంద్రం ముందు వినిపించదు. వేదికపై ఏ వాద్యాన్ని ఎంత పెంచాలన్న నిర్ణయం సాంకేతికమైనదే అయినా, ఏ వాద్యం తర్వాతి తరానికి వినిపిస్తుందన్న ప్రశ్న కూడా అందులో ఇమిడి ఉంది.

చట్టం గీసిన హద్దు

శబ్ద కాలుష్య నియంత్రణ నిబంధనలు, 2000 ప్రకారం లిఖితపూర్వక అనుమతి లేకుండా లౌడ్‌స్పీకర్ వాడరాదు. రాత్రి 10 నుంచి ఉదయం 6 గంటల వరకు బహిరంగ ప్రదేశాల్లో నిషేధం ఉంది. సాంస్కృతిక, మతపరమైన సందర్భాలలో ఏడాదికి 15 రోజులకు మించకుండా అర్ధరాత్రి వరకు రాష్ట్రాలు సడలింపు ఇవ్వవచ్చు. నివాస ప్రాంతాల్లో పగలు 55, రాత్రి 45 డెసిబెల్‌లు పరిమితి. బహిరంగ స్థలం సరిహద్దు వద్ద లౌడ్‌స్పీకర్ ధ్వని పరిసర ప్రమాణం కంటే 10 డెసిబెల్‌లు గానీ, మొత్తం 75 డెసిబెల్‌లు గానీ, ఏది తక్కువైతే దాన్ని మించరాదు.

డీజేల మోతపై ఛత్తీస్‌గఢ్ హైకోర్టు స్వయంగా విచారణ చేపట్టింది. తెలంగాణలో హైదరాబాద్ పోలీసులు 2024 అక్టోబరు 1న మతపరమైన ఊరేగింపులలో డీజేలను నిషేధించారు. డిజిటల్ యాక్టివ్ స్పీకర్లలోని లిమిటర్ ఇక్కడ అక్కరకొస్తుంది. సరిహద్దు వద్ద ఒకసారి కొలిచి, గరిష్ఠ స్థాయిని చిప్‌లో స్థిరపరిచి తాళం వేస్తే, ఆ తర్వాత ఎవరు వాల్యూమ్ తిప్పినా ధ్వని ఆ హద్దు దాటదు. సుమారు 75 రోజులు సాగే బస్తర్ దసరా వంటి వేడుకలకు అనుమతి ఇచ్చేటప్పుడు అధికారులు పరిశీలించదగిన ఏర్పాటు ఇది.

ముందు దేనికి ఖర్చు పెట్టాలి?

పరిమితమైన నిధులతో పాఠశాలకో, పంచాయతీ భవనానికో ధ్వని ఏర్పాటు చేసేవారికి ఈ భౌతిక సూత్రాలే ఒక క్రమాన్ని సూచిస్తాయి. మొదట గదిలో ధ్వనిని పీల్చుకునే పొరలు వేయాలి. తర్వాత స్పీకర్‌ను మూల నుంచి తప్పించి, వినేవారికి దగ్గరగా, వారి వైపు తిప్పాలి. ఈ రెండు పనులకు సాఫ్ట్‌వేర్ అక్కర్లేదు. మూడో దశలో మాటకు తగినట్లు దిగువ శ్రేణిని తొలగించి, క్రాసోవర్ బిందువును, ఆలస్యాన్ని సర్దాలి. చివరిగా అనేక చోట్ల కొలిచి, ఉబ్బిన చోట్లను మాత్రమే తగ్గించే గది సవరణ చేయాలి.

పని పూర్తయ్యాక పరీక్ష సులభం. చివరి వరుసలో కూర్చున్న పిల్లలకు సందర్భం లేని విడి పదాలు కొన్ని, వారి ఇంటి భాషలోనూ బడి భాషలోనూ, స్పీకర్ ద్వారా వినిపించి రాయమనాలి లేదా తిరిగి చెప్పమనాలి. ఎన్ని పదాలు సరిగా వచ్చాయో లెక్కిస్తే, కొన్న పరికరం ఆ గదిలో ఎంత పనిచేస్తున్నదో తెలిసిపోతుంది.